బ్యాటరీ కోసం మూడు ఊళ్లు

మా తోటలో వైరు తెగితే కొత్త వైరు కొనే అలవాటు లేదు. బోరులోంచి పైకి లాగిన మోటరు కేబులైనా, పశువుల కొట్టంలో బల్బు వైరైనా, పైతోలు వలిచి, తీగలు మెలిపెట్టి, నల్లటేపు చుట్టి మళ్లీ వాడేస్తారు. ఆ పనిలో మా మామ, అంటే మా ఆయన నాన్న, చెయ్యి తిరిగినవాడు. అందుకే నా ల్యాప్‌టాప్ ఛార్జరు వైరును ఎలుక కొరికినప్పుడు ఆయన నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. నేను బిడ్డను బడి బస్సు ఎక్కించి వచ్చేలోపల దానికి జాయింటు వేసి, టేపు బిగించి, బల్ల మీద పెట్టాడు. మోటరు కేబులుకు ఎంత శ్రద్ధగా చుడతాడో దీనికీ అంతే శ్రద్ధగా చుట్టాడు.

కానీ అది మోటరు కేబులు కాదు. లోపల సన్న తీగ, దాని చుట్టూ అల్లిన ఇంకో తీగ, మధ్యలో కాగితమంత పొర. రెండు రోజులు బాగానే నడిచింది. గురువారం పొద్దున చిటపటమని శబ్దం వచ్చి, వెనకాలే కాలిన వాసన వచ్చింది. వైరుతో పాటు ఛార్జరు కూడా చచ్చిపోయింది. మామ వాకిట్లోంచి వచ్చి వాసన చూశాడు. ఛార్జరును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఆ పెట్టె లేకపోతే పని కాదా?" అన్నాడు. ల్యాప్‌టాప్‌ను ఆయన పెట్టె అనే అంటాడు.

"కాదు మామా," అన్నాను. ఆ రెండు ముక్కలతో ఆగడానికి నేను ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. నా నోటికి కళ్లెం లేదని పుట్టింట్లోనూ అత్తింట్లోనూ అందరికీ తెలుసు. మామ దగ్గర మాత్రం అప్పటిదాకా నేను గొంతు పెంచలేదు.

నేను లెక్కల్లో పీజీ చేశాను. పెళ్లికి ముందు జమ్మలమడుగులో, అంటే నా పుట్టినూళ్లో, జూనియర్ కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. పెళ్లయి పులివెందుల పక్కన ఈ చీనీతోటలోకి, బయటివాళ్ల మాటలో బత్తాయితోటలోకి, వచ్చాక, బిడ్డ పుట్టాక, ఆ చదువంతా అటకెక్కింది. ఏళ్లతరబడి అప్లికేషన్లు పెట్టగా పెట్టగా, చివరికి ఒక సంస్థ నా రాతపరీక్ష చూసి ఇంటర్వ్యూకు పిలిచింది. పిల్లల లెక్కల పాఠాలను ఇంటి నుంచే సరిచూసే ఉద్యోగం. తోట వదలాల్సిన పని లేదు, బిడ్డను వదలాల్సిన పని లేదు. ఇలాంటిది నాకు ఇంకోసారి దొరకదని గట్టిగా అనిపించింది. ఇంటర్వ్యూ శనివారం. ల్యాప్‌టాప్ మీదే హాజరు కావాలి, ఫోను పనికిరాదు. గదిలో ఇంకొకరు ఉండకూడదు. కెమెరా ఆగకూడదు. మధ్యలో లైను తెగితే అంతటితో అయిపోయినట్టే, మళ్లీ పిలవరు.

ఏ పూట కావాలో మాత్రం నన్నే ఎంచుకోమన్నారు. ఊరికి దూరంగా తోటలో ఇల్లు కట్టుకున్నవాళ్లం కాబట్టి మోటర్ల ట్రాన్స్‌ఫార్మరు నుంచే మా ఇంటికీ కరెంటు వస్తుంది. మోటర్ల కోసం వంతులవారీగా ఇచ్చే త్రీఫేజు కరెంటు వచ్చి అవన్నీ ఆడితే మా ఇంట్లో బల్బు ఎర్రబడుతుంది, ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ వారం మా లైనుకు త్రీఫేజు మధ్యాహ్నం వంతు. అందుకని ఏరికోరి పొద్దున పది గంటలు తీసుకున్నాను. నేను చాలా తెలివైనదాన్నని ఆ రోజు నాకు నేనే మెచ్చుకున్నాను.

ఛార్జరు ఒక్కటే పోయుంటే ఇంత కంగారు ఉండేది కాదు. బ్యాటరీ పోయి ఏడాది దాటింది. ప్లగ్గు పీకితే ల్యాప్‌టాప్ అక్కడికక్కడే ఆరిపోయేది. ఈ మధ్య కీబోర్డు కింది పలక కూడా పైకి లేచింది. ఇన్వర్టరు కొనాలని ఇంట్లో రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాం. మా ఆయన ఆ వారం చీనీకాయల లోడుతో లారీ వెంట పోయి ఉన్నాడు. ఫోను చేస్తే, "పులివెందులలో కనుక్కో, దొరక్కపోతే పొద్దుటూరు పో," అన్నాడు. ఆయనకు ఏ సమస్యకైనా చివరి మందు పొద్దుటూరే.

పులివెందుల షాపతను నా ల్యాప్‌టాప్‌ను బోర్లించి, అడుగున ఉన్న నంబరు చదివి పెదవి విరిచాడు.

"ఈ మాడలు పాతదైపాయ అక్కా. ఛార్జరైనా బ్యాటరీ అయినా ఆర్డరు పెట్టల్ల. సోమవారం వస్తాది."

"నాకు శనివారం కావల్ల."

"శనివారం కావల్లంటే పోయిన సోమవారమే వచ్చి ఉండల్ల కదక్కా," అన్నాడు నవ్వుతూ.

ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు అతని కౌంటరు మీది ల్యాప్‌టాప్‌ను గుంజుకున్నట్టే తీసుకుని బయటపడ్డాను.

శుక్రవారం బిడ్డను బడికి పంపి, బడి విడిచాక మామను తీసుకురమ్మని చెప్పి, జమ్మలమడుగు బస్సెక్కాను. మా అమ్మ బస్టాండులోనే కాచుకొని ఉంది. తనకు తెలిసిన సెల్‌ఫోన్ల షాపు ఉందని, అన్ని ల్యాప్‌టాప్‌లకూ పనికొచ్చే ఛార్జరు వాళ్ల దగ్గర ఉందని నన్ను తీసుకుపోయింది. ఆ ఛార్జరుకు పిన్నులు ఒక గుత్తి ఉన్నాయి. షాపాయన ఒక్కొక్కటి మార్చి మార్చి పెట్టాడు. కొన్ని దూరనే లేదు. ఒకటి దూరింది గానీ వదులుగా ఉంది. చేత్తో ఒక పక్కకు వంచి పట్టుకుంటే లైటు వెలుగుతోంది, వదిలితే ఆరిపోతోంది.

"ఇంకేమి, పట్టుకోని కూచుంటే సరిపాయ," అంది మా అమ్మ.

"వాళ్లు లెక్క ఇచ్చి చెయ్యమంటే ఏ చేత్తో చెయ్యల్ల? కాలితోనా?" అన్నాను. షాపాయన తల దించుకుని పిన్నులు సర్దుకున్నాడు. మా అమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. తనకు తోచిన సాయం తను చేసింది పాపం. సర్దిచెప్పే ఓపిక కూడా లేక, ఆమె తెచ్చిన చిత్రాన్నం డబ్బా సంచిలో వేసుకుని పొద్దుటూరు బస్సు పట్టుకున్నాను. బస్సు కదిలేదాకా ఆమె కిటికీ పక్కనే నిలబడి ఉంది. నేను ఫోను చూసుకుంటూ కూర్చున్నాను.

పొద్దుటూరులో మా ఆయన చెప్పిన షాపుకు పోయేసరికి షట్టరు సగం దించి ఉంది. శుక్రవారం కదా, ఓనరు నమాజుకు పోయాడని పక్క బట్టల షాపాయన చెప్పాడు. "వస్తాడు లేమ్మా, యాడికి పోతాడు, ఈడ కూచో," అని స్టూలు వేశాడు. ఎండ కొట్టి చంపుతోంది. కూర్చుంటే కాళ్లు ఆగలేదు. లేచి షట్టరు ముందు తచ్చాడాను. ఈయన దగ్గర కూడా లేదంటే ఎవరిని అడగాలో నాకు తెలియదు. కడపకు పోయే పొద్దు లేదు. దొరక్కపోతే సంస్థవాళ్లకు ఏమని మెయిలు పెట్టాలో వాక్యాలు కూడా కూర్చుకున్నాను. ఎలుక కొరికిందని రాస్తే ఎవరు నమ్ముతారు?

షాపాయన వచ్చాడు. తలమీది టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ నా చేతిలోని ల్యాప్‌టాప్ చూశాడు. విషయం విని లోపలి గదిలోకి పోయి, వెతికి వెతికి ఒక ఛార్జరు తెచ్చాడు. పిన్ను గట్టిగా కూర్చుంది. గోడకు పెట్టే వైరు కూడా లావుగా, కొత్తగా ఉంది. ల్యాప్‌టాప్ పక్కన చిన్న లైటు వెలిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత వెనక మూత విప్పి నాలిక కరుచుకున్నాడు. బ్యాటరీ పూరీలాగా ఉబ్బి ఉంది.

"దీన్ని ఇంకా పెట్టుకోని తిరుగుతాండారా అమ్మా? పేలకుండా ఉండాది, అల్లా దయ."

"కొత్తది ఉందా?"

"ఒకే ఒకటి ఉండాది," అని స్టూలెక్కి, పై అరలోంచి ఒక డబ్బా తీసి ఉఫ్‌మని దుమ్ము ఊదాడు. ఆ దుమ్ము చూసైనా నేను ఒక్క ప్రశ్న వేసి ఉండాల్సింది. కానీ సీలు విప్పలేదు, కంపెనీ డబ్బానే, కావాలంటే నన్నే విప్పమన్నాడు. నేనే విప్పాను. బిగించి, కాసేపు ఛార్జింగు పెట్టి, అంకెలు ఎక్కుతుంటే చూపించాడు. బస్సు టైమైపోతోంది. దండం పెట్టి పరుగెత్తాను.

ఎర్రగుంట్ల దాటాక, పాత ప్రశ్నలు ఒకసారి చూసుకుందామని బస్సులోనే ల్యాప్‌టాప్ తెరిచాను. సగానికి పైగా ఉన్న ఛార్జింగు నా కళ్లముందే జారడం మొదలుపెట్టింది. ముద్దనూరు రాకముందే తెర నల్లబడింది. వెంటనే షాపాయనకు ఫోను చేశాను.

"శానా దినాలు డబ్బాలోనే నిలవ ఉన్నింది కదమ్మా, పట్టు పోయింటాది. రేపు తీసుకురాండి, వేరేది తెప్పిస్తా."

"రేపు పది గంటలకే నాకు ఇంటర్వ్యూ! నీకు చెప్పలేదా నేను?"

"కరెంటు మీద నడుపుకోండమ్మా. ఛార్జరు మంచిదే ఇచ్చినా కదా."

అది నిజమే. ఛార్జరు మంచిదే. నేను నానా మాటలు అన్నాక ఆయన చెప్పింది కూడా అదే మాట, అదే నెమ్మదితో. బస్సులో జనం నావైపే చూస్తుంటే ఫోను పెట్టేశాను.

మా స్టాపులో మామ మోపెడ్ పెట్టుకుని కాచుకొని ఉన్నాడు.

"దొరికిందా?"

"ఛార్జరు దొరికింది. బ్యాటరీ దొరికీ దొరకనట్టే. కరెంటు ఉన్నంతసేపే మామా నడిచేది."

ఆయన తల ఊపి మోపెడ్ తిప్పాడు.

శనివారం పొద్దున పది కావస్తుండగా, గది తలుపు మూసి, చీర మార్చుకుని, నీళ్ల గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఫోనులో నెట్టు ఆన్ చేశాను. ఫ్యాను బాగా తిరుగుతోంది. సరిగ్గా అప్పుడు బయట మోటర్లన్నీ లేచాయి. కరెంటు రాగానే దానంతట అదే మోటరును ఆడించే స్టార్టర్లు అందరికీ ఉన్నాయి కాబట్టి ఒక్కసారే లేచాయి. ఫ్యాను ఈడ్చుకుంటూ తిరిగింది. ల్యాప్‌టాప్ పక్కన ఛార్జింగు లైటు ఒకసారి వెలిగి, ఒకసారి ఆరి, చివరికి ఆరిపోయింది.

మధ్యాహ్నం లైను మరమ్మతు ఉందని త్రీఫేజును పొద్దుటికి మార్చారట. ఆ కబురు లైన్‌మన్ నడిపే వాట్సాప్ గుంపులో మా ఆయన ఫోనుకు వచ్చింది. మా ఆయన లారీలో నిద్రపోతున్నాడు.

ల్యాప్‌టాప్‌ను వెంటనే ఆపేశాను. ఆ ముసలి బ్యాటరీలో ఉన్న కాసింత అయినా మిగులుతుందని. పులివెందులకు పోయి ఒంటరి గది వెతుక్కునే టైము లేదు. వాకిట్లోకి వచ్చి, మామ పాదుల దగ్గర పార పట్టుకుని ఉంటే కేక వేశాను.

"మామా! మోటర్లు ఆపకపోతే నా పని అయిపాయ! ఈ ఒక్క గంట! మళ్లా నన్ను ఎవ్వురూ పిలవరు మామా!"

ఆ కేకకు పశువులు కూడా తలెత్తాయి. మామ పార కిందపెట్టాడు. ఎందుకని అడగలేదు. ముందు పోయి మా మోటరు ఆపాడు. ఆ ట్రాన్స్‌ఫార్మరు మీద ఇంకా నాలుగు మోటర్లు ఉన్నాయి. మూడు మా దాయాదులవి, అడిగితే ఆపుతారు. నాలుగోది పక్కతోట ఆయనది, అన్నింట్లోకీ పెద్దది. అది ఆడుతుంటే మిగతావన్నీ ఆపినా నా ఛార్జరుకు కరెంటు చాలదు.

పక్కతోట ఆయనతో మా మామకు మాటలు లేవు. మా చీనీ చెట్ల చివరి వరుస దగ్గర హద్దురాయి ఉంది. రాయి ఆ వరుసకు ఇవతల ఉండాలని ఆయన అంటాడు, అవతలే ఉండాలని మామ అంటాడు. నేను కాపురానికి రాకముందు నుంచీ ఉన్న తగాదా. సర్వేయరు వచ్చి కొలిచి పోయినా ఇద్దరూ ఒప్పుకోలేదు. ఆయన తల్లి పోయినప్పుడు మామ చావుకు కూడా పోలేదు. ఒకసారి ఆ రాయి దగ్గరే ఇద్దరూ పారలు ఎత్తుకున్నారని, మనుషులు అడ్డం పడి ఆపారని మా ఆయన చెప్పేవాడు. వేసవిలో, కాయ నిలబడే కాలంలో, పగవాడు వచ్చి నీళ్లు ఆపమంటే ఆ మనిషి ఏమంటాడు? ఏం చేస్తాడు? ఆ ఆలోచన నాకు మామ వీపు దానిమ్మ చెట్ల వెనక కనుమరుగయ్యాక గానీ రాలేదు. అప్పటికి టైమైపోయింది. లోపలికి వచ్చి గడియ పెట్టాను.

తెరమీద ముగ్గురు కనిపించారు. ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగమనిషి. చూపు తెరమీదనుంచి పక్కకు పోకూడదని మర్యాదగానే చెప్పారు. నేను తల ఊపాను. రాత్రంతా ఛార్జింగు ఎక్కించినా బ్యాటరీ గుర్తు అప్పటికే సగం కంటే కిందికి పడిపోయింది. అది జారే వేగం ముందురోజు బస్సులో చూశాను కదా. మొదటి ప్రశ్నకు తడబడ్డాను. రెండోదానికి నిలదొక్కుకున్నాను. భిన్నాలు మొదటిసారి నేర్చుకునే బిడ్డ ఎక్కడ తప్పు చేస్తుందో చెప్పమన్నారు. అది నాకు బాగా తెలుసు, మా ఇంట్లోనే ఉంది ఆ బిడ్డ. చెబుతున్నాను. చెబుతూనే చెవులు బయట పెట్టాను.

ఒక మోటరు ఆగింది. కాసేపటికి ఇంకోటి. ఫ్యాను కొంచెం ఊపందుకుంది. మూడోది కూడా ఆగింది. ఇక పెద్ద మోటరు ఒక్కటే, గుయ్‌మంటూ ఆడుతూనే ఉంది. లైటు వెలగలేదు. బ్యాటరీ గుర్తు ఎర్రగా మారింది. ఒక లెక్క ఇచ్చి, చేస్తూ వివరించమన్నారు. రాస్తున్నాను. బయట మగగొంతు గట్టిగా వినిపించింది. మామదా, ఆయనదా తెలియలేదు. ఏమన్నారో తెలియలేదు. తర్వాత ఆ గొంతు కూడా ఆగిపోయింది. దాంతో ఇంకా భయం వేసింది. ఈ ఉద్యోగం మన్నుపడిపోనీ, ఆ మనిషి మామను కొట్టకుంటే చాలని మొక్కుకున్నాను. లేచి పరుగెత్తాలనిపించింది. లేవలేదు. చేతిలోని పెన్ను ఆగకుండా లెక్క చేస్తోంది.

ఛార్జింగు ఒంటి అంకెలోకి దిగినప్పుడు పెద్ద మోటరు ఆగింది. ఫ్యాను గాలికి నా కాగితాలు ఎగిరాయి. ఛార్జరు లైటు నిలకడగా వెలిగింది.

"అంతా బాగుందా?" అన్నది తెరమీద ఒకామె. నా కళ్లలో నీళ్లు చూసి ఉంటుంది.

"బాగుంది మేడం," అని మిగిలిన లెక్క పూర్తి చేశాను.

ఇంటర్వ్యూ ముగిసి బయటికి వచ్చి, మామ కనపడగానే, ఆపిన వాళ్లందరూ మోటర్లు వేసుకోవచ్చని చెప్పమన్నాను. ఆయన ఒంటి మీద దెబ్బ ఏదీ లేదు. "సరే" అని పోయాడు. పక్కతోట ఆయన భార్య కంచె అవతల గడ్డి కోస్తూ నన్ను చూసి దగ్గరికి వచ్చింది. మగవాళ్లకు మాటలు లేకపోయినా మేమిద్దరం ఎప్పుడైనా కంచె దగ్గర పలకరించుకునేవాళ్లం.

"మీ మామ వచ్చి మా గేటు కాడ నిలబడినాడు పాపా. మోటరు ఆపమన్నాడు. మా ఆయన గయ్యిన లేచినాడు. రాయి సంగతి తేలనీ, మోటరు మాట తర్వాత అన్నాడు. మీ మామ ఒకసారి మీ ఇంటి పక్క తిరిగి చూసినాడు. తర్వాత, 'రాయి నీ ఇష్టమొచ్చిన కాడ పాతుకో పో. ముందు మోటరు ఆపు' అన్నాడు."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంట్లోకి పోయి మామ అన్నానికి కూర్చున్నప్పుడు కంచం పెట్టి కుండ బద్దలుకొట్టినట్టే అడిగాను.

"ఉద్యోగం వస్తాదో రాదో ఎవరికి తెలుసు మామా? రాకపోతే ఎట్ల? మంగళవారం చెప్తారంట. అందాకైనా ఆగమని చెప్పు ఆయప్పకు."

"ఆయప్ప మోటరు ఆపినాడు కదా. మాట అయిపాయ. నీ ఉద్యోగంతో ఆయప్పకేం పని?" అన్నాడు. "మజ్జిగ ఉందా?"

ఆ సాయంత్రమే ఇద్దరూ గడ్డపారలతో పోయి రాయి పెకలించారు. ఇవతలకు తెచ్చి పాతారు. ఒకరు రాయి పట్టుకుంటే ఒకరు మన్ను తొక్కారు. కాయలతో ఉన్న మా చివరి వరుస అవతలికి పోయింది.

ఉద్యోగం వచ్చింది. మామకు చెబితే, "మంచిదమ్మా," అని పాదుల దగ్గరికి పోయాడు. పొద్దుటూరు షాపాయన అన్నమాట ప్రకారం బ్యాటరీ మార్చి ఇచ్చాడు. అది నిలిచింది.

ఆ తర్వాత కోత వచ్చింది. కూలీలకు హద్దు మారిన సంగతి తెలియదు. అలవాటు కొద్దీ చివరి వరుసలోకి దిగి రెండు చెట్ల కాయలు కోసేశారు. మామ చూసి కేకవేసి ఆపాడు. ఆ కాయలన్నీ వేరుగా ఒక గంపలోకి ఎత్తించాడు. ఒక్కటి కూడా ఇటు ఉంచలేదు. గంప బరువుగా ఉంది. కూలీలను పిలవకుండా తనే ఎత్తబోయాడు. నేను పని మధ్యలో ఆపి బయటికి వచ్చి, ఒక పక్క పట్టుకున్నాను. ఇద్దరం మోసుకుపోయి హద్దురాయి అవతల దించి వచ్చాం.